అబద్ధం చెప్పని ప్లీడరు కావాలన్న మేష్టారు

శ్రీకాకుళం కోర్టులో ముప్పై ఎనిమిదేళ్లు ప్లీడరు గుమస్తాగా పనిచేశాను. బల్ల గుద్ది చెప్తున్నాను, ఆ ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క వాయిదా మరిచిపోలేదు. స్టాంపు తక్కువైందని ఒక్క కాగితమూ తిరిగి రాలేదు. నా దస్తూరీ చూసి కోర్టు రైటర్లు తమ పిల్లలకి చూపించి బుద్ధి చెప్పేవారు. ఈ మాటలు మా ఇంట్లోవాళ్లు విని విని విసిగిపోయారు కనక, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీకు చెప్పుకుంటున్నాను. అయితే ఇవాళ గొప్పలు చెప్పుకోవడానికి కూర్చోలేదు. నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్తాను. వెధవ పని చేసినా నేను శ్రద్ధగా, ఏ లోటూ రాకుండానే చేసేవాణ్ణి.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. మన జిల్లాలో మద్యనిషేధం ఇంకా అమల్లో ఉంది. తాగితే ఒక నేరం, తాగి బండి నడిపితే రెండు నేరాలు. దానివల్ల తాగేవాళ్లు తగ్గారో లేదో నాకు తెలీదు గానీ మా ఆఫీసుకి మాత్రం పని పెరిగింది. మా ప్లీడరు గారు క్రిమినల్ కేసుల్లో మంచి పేరున్న మనిషి. పొట్టిగా ఉండేవారు, ముక్కుపొడి పీల్చేవారు, ఎంత కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. కోపం ముదిరిందని మాకు తెలిసే గుర్తు ఒకటే. మామూలుగా నన్ను "ఒరే" అని పిలిచే మనిషి హఠాత్తుగా "గుమస్తా గారూ" అనేవారు. ఆ "గారు" వినపడితే ఏ కాగితంలో తప్పు దొర్లిందా అని కట్టలన్నీ తిరగేసేవాణ్ణి.

తాగుడు కేసులకి మా దగ్గర ఒక వాడుక మందు ఉండేది. "నోటి నుంచి సారా వాసన వచ్చింది" అని ఆస్పత్రి డాక్టరు రాస్తాడు. "ఆ వాసన దగ్గుకి తాగిన ఆయుర్వేదపు అరిష్టానిది" అని మేమంటాం. అరిష్టంలో మత్తు ఉంటుందని అందరికీ తెలుసు, దాన్ని అమ్మడానికి నిషేధం లేదనీ తెలుసు. ఊళ్లో ఒక వైద్యుడు ఉండేవాడు. ఆయన మందు ఎంతమందికి నయం చేసిందో చెప్పలేను గానీ, ఆయన సాక్ష్యం మాత్రం చాలామందికి గుణమిచ్చింది. సీసా చంకలో పెట్టుకుని బోనెక్కి, "ఈ మనిషికి నెల్లాళ్లుగా నేనే ఇస్తన్నానండి" అనేవాడు. అంతే, కేసు పోయేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న మా ఆఫీసు గుమ్మంలోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. పొడుగు మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో గొడుగు. కళింగపట్నం వైపు ఒక ఊళ్లో మిషను బడికి హెడ్మాస్టరు. ఆ ఊరి బాప్టిస్టు సంఘంలో పెద్ద కూడా. ఆయన వెనకాల ఇరవై ఏళ్ల కుర్రాడు, ఎడంకాలు కాస్త ఈడుస్తూ, నేల చూస్తూ నిలబడ్డాడు.

"మావోడు కల్లు తాగి వ్యాను నడిపినాడండి," అన్నారు మేష్టారు, నమస్కారం కూడా పూర్తికాకుండానే.

నేను గబుక్కున లేచి తలుపు దగ్గరకి వేశాను. "మేష్టారూ, ఆ మాట ఇక్కడ అంత గట్టిగా అనకూడదండి."

"మరెక్కడ అనాలండి? తాగినాడు కాబట్టే కదా మీ దగ్గరికి వచ్చినాం."

విషయం ఇది. కుర్రాడు ఒక ఎండుచేపల వ్యాపారి దగ్గర పాత వ్యాను నడుపుతున్నాడు. ఆ మధ్యాహ్నం కళింగపట్నంలో సరుకు ఎక్కించాక, తోటివాళ్లు ముంతలో కల్లు పోసి ఇచ్చారు. మొదటిసారి. మొహమాటపడి తాగాడు, బాగుందని మరో ముంత తాగాడు. శ్రీకాకుళం వస్తూ రోడ్డు పక్కన ఒకావిడ టీ పాకని గుద్దేశాడు. దేవుడి దయవల్ల ఆవిడ ఆ సమయానికి నీళ్లకి వెళ్లింది. పాక కూలింది, గాజు గ్లాసులు పగిలాయి, వీడి మోకాలికి దెబ్బ తగిలింది. అటుగా వస్తున్న కానిస్టేబులు పట్టుకుని సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లాడు, డాక్టరు సర్టిఫికెట్టు రాశాడు, కేసు పెట్టారు.

"ఒక సర్కారు ఆఫీసులో జీపు డ్రైవరు ఉద్యోగానికి వీడి పేరు ఎక్కినాదండి," అన్నారు మేష్టారు. "కాగితం రావడమే తరువాయి. ఈ కేసులో లైసెన్సు పోతే అదీ పోతాది. బడి మేష్టరు కొడుకు, మూడుసార్లు పరీక్ష తప్పినాడు. వీడికి సదువు అంటలేదు. బండి ఒక్కటే వచ్చును."

కుర్రాడు తల ఇంకా కిందికి దించేశాడు.

"అలాగైతే కంగారేం లేదు, మా ప్లీడరు గారు చూసుకుంటారు," అన్నాను.

"అదేనండి అడగడానికి వచ్చినాను. నాకు అబద్ధం సెప్పని ప్లీడరు గారు కావాలి. ఇప్పటికి ముగ్గుర్ని అడిగినాను. ఒకాయన నవ్వినారు. ఒకాయన కోప్పడినారు. మూడో ఆయన మీ గుమ్మం సూపించినారు."

మూడో ఆయన ఎగతాళికే చూపించి ఉంటాడని నాకు అనుమానం. లోపల గదిలోంచి మా ప్లీడరు గారి గొంతు వినిపించింది. "లోపలికి రమ్మనరా ఆయన్ని."

ఆ సంభాషణ నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే చాపకింద నీరులా మా ప్లీడరు గారు కేసు ఎలా కట్టేవారో అందులో ఉంది.

"మేష్టారూ, నేను అబద్ధం చెప్పను. మీవాడి చేత చెప్పించను. సరేనా? కానీ నిజం కూడా మేం చెప్పక్కర్లేదు. రుజువు చేసుకోవాల్సింది పోలీసువాళ్లు."

"తెలిసి దాచితే అబద్ధం కాదేటండి?"

"మీ బళ్లో ఒక పిల్లాడు లెక్క తప్పు చేశాడని పక్కవాడు చెప్పాడనుకోండి. మీరు పలక చూడకుండా కొడతారా?"

"కొట్టను. పలక సూస్తాను."

"మేం పలక చూడమంటున్నాం, అంతే. నేరం ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడుగుతాడు. ఒప్పుకుంటే శిక్ష. ఒప్పుకోను అంటే మీ లెక్కలో అబద్ధం. మూడో జవాబు ఒకటుంది. 'విచారణ జరపమని కోరుతున్నాను' అనొచ్చు. చట్టంలోనే ఉంది ఆ మాట. అందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి."

మేష్టారు గొడుగు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆ మూడో జవాబుని తనలో తాను రెండుసార్లు అనుకుని చూశారు. "అందులో లేదు," అన్నారు చివరికి. "మీకు వకాల్తా ఇస్తాను."

పదేళ్లుగా ఆ వృత్తిలో ఉన్నవాణ్ణి, ఆ మూడో జవాబు గురించి నేను ఎప్పుడూ వినలేదు. ఎవరికీ అవసరం పడలేదు మరి!

వెళ్లేటప్పుడు నేను నా వంతు సలహా పారేశాను. "ఆ పాక జోలికి మాత్రం వెళ్లకండి. బాగు చేశారో, తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది."

"సేసీసినాం కదండి," అన్నాడు కుర్రాడు, మొదటిసారి నోరు విప్పి. "ఆ మర్నాడే. తాటాకు నానే మోసినాను."

"వర్షాలొస్తే ఆవిడ ఎక్కడ కూకుంటాది?" అన్నారు మేష్టారు, నేనేదో అర్థంలేని మాట అన్నట్టు నన్ను చూస్తూ.

మా ప్లీడరు గారు నాకు ఒక పని అప్పగించారు. కుర్రాడి నడవడిక గురించి వాళ్ల పాస్టరు గారి దగ్గర ఒక సర్టిఫికెట్టు తెప్పించి ఆయన బల్ల మీద పెట్టాలి. "ఒకవేళ శిక్ష దాకా వస్తే అప్పుడు పనికొస్తుంది. తెచ్చి నాకియ్యి, కోర్టుకి కాదు," అన్నారు. ఆ చివరి మాట నేను వినలేదని చెప్పను. విన్నాను, నాకంత ముఖ్యంగా తోచలేదు.

ఇక్కడ మీకు ఆనాటి పద్ధతి చెప్పాలి. నడవడిక సర్టిఫికెట్టంటే ఇచ్చేవాడు రాసేది కాదు, మేం రాసేది. నా దగ్గర మూడు రకాల నమూనాలు ఉండేవి. పేరు మార్చి, ఊరు మార్చి రాసుకుని, మునసబు దగ్గరికో, ప్రెసిడెంటు దగ్గరికో పట్టుకుపోతే, ఆయన వక్కలు నములుతూ సంతకం గీకేవాడు. చదివినవాణ్ణి నేనెరగను. ఒకసారి తొందరలో పాత పేరే ఉండిపోయినా ఒకాయన సంతకం పెట్టేశాడు.

అలాగే నేను ఒక కాగితం అందంగా రాసుకుని బస్సెక్కాను. పాస్టరు గారి ఇల్లు ప్రార్థనా మందిరం పక్కనే. ముసలాయన, మందపాటి కళ్లద్దాలు. నా కాగితం తీసుకుని, కుర్చీ వెలుతురులోకి జరుపుకుని, చదవడం మొదలుపెట్టారు. చదువుతున్నారు! నాకు ఆశ్చర్యం వేసింది.

"'ఇతడు పుట్టిన నాటి నుండి మత్తు పదార్థం ముట్టి ఎరుగడు,'" అని పైకి చదివి ఆగారు. "ఇది మీకెవరు సెప్పినారు బాబూ?"

"అందరికీ అలాగే రాస్తామండి."

"అలాగేటి? అయితే అందరి దగ్గరికీ ఎల్లి తెలుసుకోవడం కష్టమే కదా," అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆ ముఖం చూస్తే తెలీలేదు. నా కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. "నాకు తెలిసినది నాను రాసి పంపుతాను. మీరు ఎండలో వచ్చినారు, మజ్జిగ పుచ్చుకోండి."

మజ్జిగ తాగి వచ్చేశాను. పెద్దాయనకి తన దస్తూరీ మీద మమకారమేమో అనుకున్నాను.

వాయిదాకి రెండు రోజుల ముందు సర్టిఫికెట్టు వచ్చింది. రెండు కాగితాలు, గుండుసూదితో కలిపి గుచ్చి ఉన్నాయి. మొదటి కాగితం చదివాను. నా నమూనాలు మూడూ దాని ముందు దిగదుడుపు. "ఈ బాలుని పుట్టుక నాటి నుండి ఎరుగుదును. తల్లి జబ్బున పడినప్పుడు వంట చేసి తమ్ముళ్లకు వడ్డించినవాడు. వరద వచ్చిన ఏట పడవ వేసుకొని ముసలివారిని ఒడ్డుకు చేర్చినవాడు." ఇలా పేజీ నిండా. నా కడుపు నిండిపోయింది. రెండో కాగితంలో ఆశీర్వాదాలూ వాక్యాలూ ఉంటాయిలే అనుకున్నాను. పాస్టరు గదా.

ఇంత మంచి కాగితాన్ని బీరువాలో పెట్టడమేమిటని నాకు అనిపించింది. మేజిస్ట్రేటు ముందే చదివితే కుర్రాడి మీద మంచి అభిప్రాయం కలుగుతుంది, సాక్షుల్ని వినేటప్పుడు ఆ అభిప్రాయంతోనే వింటాడు. నా తెలివికి నేనే మురిసిపోయి, ప్లీడరు గారు ఊళ్లో లేని పూట చూసి, మిగతా కాగితాలతో కలిపి కోర్టులో దాఖలు చేసేశాను. తిరిగొచ్చాక ఆయన అడిగారు, "సర్టిఫికెట్టు వచ్చిందా? చూశావా?" అని.

"చూశానండి. బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. దాఖలు చేసిన మాట మర్నాడు చెప్పొచ్చులే అనుకున్నాను.

అదీ చాలదన్నట్టు, నా సొంత భరోసాకి, మన అరిష్టం వైద్యుణ్ణి కూడా వాయిదా రోజు కోర్టు వరండాలోకి రమ్మన్నాను. మేష్టారికీ చెప్పలేదు, ప్లీడరు గారికీ చెప్పలేదు. అవసరం పడితే ఉంటాడు, పడకపోతే పోతాడు. నేను చెడు తలపెట్టలేదు. ఆ కుర్రాడి ఉద్యోగం నిలబడాలని నిజంగానే అనుకున్నాను, అది నా చేతిమీదుగా నిలబడాలని ఇంకాస్త ఎక్కువ అనుకున్నాను.

వాయిదా రోజు పది గంటలకి, మేష్టారు మా ప్లీడరు గారితో మాట్లాడుతుండగా, నేను కుర్రాణ్ణి వరండా చివరకి పిలిచి వైద్యుణ్ణి చూపించాను. వైద్యుడు సీసా బయటికి తీసి, "నెల్లాళ్ల బట్టీ పొద్దునా సాయంత్రం రెండేసి చెంచాలు. దగ్గు. గుర్తెట్టుకో," అన్నాడు.

కుర్రాడు నా వంక చూశాడు. "మా నాన్నకి తెలుసా అండీ?"

"ఆయనకి తెలియాల్సిన పని లేదు. అవసరం వస్తేనే. నీ ఉద్యోగం నీకు కావాలా వద్దా?"

"కావాలండి," అన్నాడు వెంటనే. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు బండి తప్ప ఏటీ రాదు. మీరేటి సెప్పమంటే అది సెప్తాను."

ఇరవై ఏళ్ల కుర్రాడు. భయం. అప్పుడు వాడి భుజం తట్టి, గెలిచేసినట్టే లోపలికి తీసుకెళ్లాను.

నేరం ఒప్పుకుంటావా అంటే కుర్రాడు ఆ మూడో జవాబే చెప్పాడు, విచారణ నడిచింది. మొదట టీ పాక ఆవిడ బోనెక్కింది. బండి తూలుకుంటూ వచ్చిందా అని ప్రాసిక్యూటరు గారు అడిగారు.

"నాను సూడనేదు బాబూ. నీళ్లకెల్లినాను. వచ్చి సూసీసరికి పాక నేదు. ఈ బాబు ఆ కర్రల కాడ కూకొని ఏడస్తన్నాడు."

"నష్టం ఎంత జరిగింది?"

"నష్టమేటి బాబూ? ముందు పాక కారీది. ఇప్పుడు కారట్లేదు."

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు. ఆయన కృష్ణా జిల్లా వైపు మనిషి, మన మాట ఆయనకి ఇంకా కొత్త.

తర్వాత డాక్టరు. మా ప్లీడరు గారు లేచి, ముక్కుపొడి డబ్బీ జేబులో పెట్టుకుని, చాలా మర్యాదగా నాలుగు ప్రశ్నలు వేశారు. రక్తం తీసి పరీక్షకి పంపారా? లేదు. వాసన కాక మరేం చూశారు? నడిపించి చూశాను, అడుగు తడబడింది. అప్పుడు మోకాలికి దెబ్బ ఉందా? ఉంది, వాచింది. మోకాలు వాచిన మనిషి, తాగకపోయినా, అడుగు తిన్నగా వేయగలడా? డాక్టరు గారు నిజాయితీపరుడు. "వేయలేడు," అన్నారు.

ఒక్క అబద్ధం లేదు. పలక చూడమన్నారు, పలక మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. నేను వెనక్కి తిరిగి మేష్టారికి కళ్లతోనే సైగ చేశాను. వరండాలో వైద్యుడు సీసాతో కునుకు తీస్తున్నాడు. ఇక ఆయన అవసరం లేదు.

అప్పుడు ప్రాసిక్యూటరు గారు, ఊరికే, ఏమీ తోచక, కేసు కట్ట తిరగేశారు. ఒక కాగితం దగ్గర ఆగారు. దాన్ని తిప్పారు. ముఖం వెలిగిపోయింది.

"డిఫెన్సు వారే దాఖలు చేసిన పత్రం ఒకటి ఉందండీ," అన్నారు. "రెండో పేజీ చదవడానికి అనుమతి కోరుతున్నాను."

చదివారు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి.

"'అయితే పైన చెప్పిన దినమున ఇతడు కల్లు త్రాగి వాహనము నడిపిన మాట నిజము. తరువాతి ఆదివారమున సంఘము ఎదుట నిలిచి, ఎవరును అడుగకమునుపే, తానే ఒప్పుకొనెను. సంఘము ఇతనిని ఆరు నెలలు, రొట్టె ద్రాక్షారసము పుచ్చుకొను ప్రభువు బల్లకు దూరముగా నుంచినది. కూలిన పాకను ఇతడే తన చేతులతో మరల నిలిపెను. అబద్ధమాడుట ఇతనియందు నేను ఎన్నడును చూడలేదు.'"

మా ప్లీడరు గారు మెల్లగా నా వైపు తిరిగారు.

"గుమస్తా గారూ," అన్నారు, గుసగుసగా. "ఈ కాగితం తమరు చదివారా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. లేచి నిలబడి, ఏమీ జరగనట్టు మొదలుపెట్టారు. దాఖలైనంత మాత్రాన పత్రం రుజువైనట్టు కాదు. రాసినాయన కోర్టుకి రాలేదు, ప్రమాణం చేయలేదు, ఆయన్ని ప్రశ్నించే అవకాశం ఎవరికీ రాలేదు. "ఎవరో ఏదో రాశారు. అది నిజమో కాదో ఈ కోర్టుకి ఎలా తెలుస్తుందండీ? అసలు ఆయనే రాశాడో లేదో ఎవరికి తెలుసు?"

చట్టప్రకారం ఒక్క ముక్క తప్పు లేదు. మేజిస్ట్రేటు గారు తల ఊపారు. "రుజువు కాలేదు. పక్కన పెట్టండి," అన్నారు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఆ తర్వాత ముద్దాయిని అడగడం మామూలు. సాక్ష్యం విన్నావు కదా, చెప్పుకునేదేమైనా ఉందా అని. మా ప్లీడరు గారు ముందే నేర్పి ఉంచారు, చెప్పేదేమీ లేదండి అని ఊరుకోవాలని. కుర్రాడు బోను కర్ర పట్టుకుని ముందుకి వంగాడు. వాడి చూపు బల్ల మీద పక్కన పెట్టిన ఆ కాగితం మీదే ఉంది.

"అయ్యా," అన్నాడు. "అది పాస్టరు గారే రాసినారండి. ఆ దస్తూరీ నాకు తెలుసు. ఆయన అబద్ధం రాయరు. అందులో ఉన్నాదంతా నిజమే. నాను తాగినాను."

మా ప్లీడరు గారు కళ్లు మూసుకున్నారు. నేను గుమ్మం వైపు చూశాను. మేష్టారు గొడుగు గోడకి ఆనించి, రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడ్డారు. ఏడుస్తున్నారో ప్రార్థిస్తున్నారో నాకు తెలీలేదు. వరండాలోంచి ఎవరో పిల్లిలా జారుకుంటున్న చప్పుడైంది. వైద్యుడికి ఎప్పుడు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

"నీకు ఇది చెప్పమని ఎవరైనా చెప్పారా?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

"నేదండి. సెప్పొద్దనే సెప్పినారు."

"మరి?"

"మా మీటింగులో అంతమంది ముందర సెప్పినాను. ఇక్కడ సెప్పకపోతే అక్కడ సెప్పినది అబద్ధమైపోతాది. పాస్టరు గారిది కూడా."

నేను చాలా బోనుల్ని చూశాను. దొంగ ప్రమాణాలూ, నిజమైన ఏడుపులూ అన్నీ చూశాను. ఒక మనిషి తన అన్నం తానే తన్నేసుకోవడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నాకు వాడి మీద జాలీ, కోపమూ, ఇంకా పేరు పెట్టలేనిదేదో ఒక్కసారి వచ్చాయి. పేరు ఇప్పుడు చెప్పగలను. సిగ్గు.

నేరం రుజువైంది. ఇక లైసెన్సు తీసేయమని ప్రాసిక్యూటరు గారు అడగబోతుంటే మా ప్లీడరు గారు లేచారు. ఆయన గొప్పతనం అక్కడ చూడాలి. ఓడిపోయిన మనిషిలా లేవలేదు, అప్పుడే కేసు మొదలైనట్టు లేచారు.

"ముద్దాయికి ఇరవై నిండి నాలుగు నెలలండి. ఇరవై ఒకటి నిండనివాణ్ణి, మొదటి తప్పుకి, మంచి నడవడిక పూచీ రాయించుకుని వదిలిపెట్టే చట్టం ఉంది. అలా వదిలితే ఉద్యోగానికి ఈ శిక్ష అడ్డు రాకూడదని ఆ చట్టమే చెప్తోంది. నడవడిక చూసి కోర్టువారు నిర్ణయించాలి."

"నడవడికకి ఆధారం?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"తమ బల్ల మీదే ఉందండి. ఇందాక రుజువు కాలేదన్నాను. ఇప్పుడు ముద్దాయే రుజువు చేశాడు."

మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "రెండో పేజీ కూడా చదువుకునే అంటున్నారా ప్లీడరు గారూ?"

"ఇందాక ప్రాసిక్యూటరు గారే చదివి వినిపించారండి," అన్నారు మా ప్లీడరు గారు.

మేజిస్ట్రేటు గారు రెండు పేజీలూ చదివారు, తాపీగా, మొదటినుంచి చివరిదాకా. ఆ కోర్టులో ఆ రోజుకి ఆ కాగితం పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే. తర్వాత టీ పాక ఆవిణ్ణి మళ్లీ పిలిచి, ఈ అబ్బాయి మీద నీకు ఫిర్యాదు ఉందా అని అడిగారు.

"నాకేటి ఫిర్యాదు బాబూ? ఇటేపు వచ్చినప్పుడల్లా మా కాడే టీ తాగతన్నాడు. టీయే తాగతన్నాడు."

ఏడాది పాటు మంచి నడవడికకి పూచీ రాయించుకుని కుర్రాణ్ణి వదిలేశారు. లైసెన్సు జోలికి పోలేదు. "సంఘం ఆరు నెలలు వేసింది గనక నేను వేరే వేయనక్కర్లేదు," అన్నారు, లేవబోతూ. మరో నెలకి జీపు ఉద్యోగం కాగితం కూడా వచ్చింది. వాడు ఆ ఉద్యోగంలోనే ఉండి, జిల్లా అంతా తిరిగి, నాకంటే పదేళ్లు ఆలస్యంగా రిటైరయ్యాడు.

అదంతా తర్వాత. ఆ సాయంత్రం కోర్టు మెట్లమీద, పూచీ కాగితాల మీద సంతకాలు చేయించి వస్తూ, నాలో పాత గుమస్తా మళ్లీ లేచి కూర్చున్నాడు. మా ప్లీడరు గారు ఇంకా నాతో మాట్లాడటం లేదు, నిజమే. కానీ కేసు ఎలా తేలిందో చూడండి. ఆ కాగితం నేను దాఖలు చేయబట్టే కదా? నేను దాచి ఉంటే ఏమయ్యేది? ఈ తర్కం నాకు చాలా నచ్చింది. మేష్టారి దగ్గరికి వెళ్లి, కాస్త ఛాతీ విరుచుకునే అన్నాను.

"చూశారా మేష్టారూ, చివరికి మన సర్టిఫికెట్టే కాపాడింది."

మేష్టారు గొడుగు విప్పుతున్నవారు ఆగారు. ఆయన ముఖంలో కోపం లేదు. వరండా చివర సీసా గురించి కొడుకు అప్పటికే చెప్పేశాడని ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది.

"గుమస్తా గారూ," అన్నారు నెమ్మదిగా, "మీరది సదివి పెట్టుంటే, ఈ ఆదివారం మా సంఘం అంతటి సేతా మీకు కృతజ్ఞతలు సెప్పించీవోణ్ణి. మీరు సదవకుండా పెట్టినారు. అంచేత మీ కోసం ప్రార్థన సేయిస్తాను."

నేను నవ్వేశాను, మాటవరసకి అన్నారేమోనని.

సోమవారం పొద్దున్న కుర్రాడు మా ఆఫీసుకి వచ్చి చెప్పాడు. చేయించారట. అంతమంది మోకాళ్ల మీద ఉండగా, పాస్టరు గారే, నా పేరు రెండుసార్లు చెప్పి.